గ్రౌండు ఎవరి పేరు మీద ఉంది?

సావనీరు కమిటీ తమ్ముళ్లు ఫోన్ చేసి, "సార్, మీరు సోషల్ చెప్పినోళ్లు గదా, మన ఊరి చరిత్ర ఏదన్న రాసియ్యుండ్రి" అన్నారు. మనోహరాబాద్ చరిత్ర అంటే అందరికీ రైల్వే స్టేషను, హైవే, కాళ్లకల్ వైపు ఫ్యాక్టరీలు గుర్తుకొస్తాయి. అవి ఎవరైనా రాయగలరు. బడి వెనకాల గ్రౌండు గురించి రాస్తానన్నాను. అవతల కాసేపు మాట లేదు. "గ్రౌండుకు చరిత్రేముంటది సార్?" అన్నాడు చివరికి.

మొన్నటి సర్వసభ్య సమావేశానికి వచ్చినవాళ్లకు సంగతి తెలుసు. స్వర్ణోత్సవాల నిధితో ఏం చేయాలన్నది ఇంకా తేలలేదు. సగం మంది ఫంక్షన్ హాలు కట్టుకుందామంటున్నారు. మిగతా సగం, ముందు గ్రౌండును కొలిపించి, ప్రహరీ కట్టి, గోల్ పోస్టులు నిలబెట్టి, ఒక పక్క నాలుగు మెట్ల గ్యాలరీ వేద్దామంటున్నారు. ఆ చిన్న స్టేడియం కోసం మనం పెట్టుకున్న దరఖాస్తు ఏళ్ల తరబడి అనుమతి కోసం ఎదురుచూస్తోంది. ఆ రోజు నా బ్యాచి మిత్రుడొకడు లేచి, "హాలు కట్టకపోతే పైసలు కరిగిపోతయి. గ్రౌండు ఏడికి పోతది?" అన్నాడు. చాలామంది నవ్వారు, నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక ఆ మాట నన్ను వదల్లేదు. గ్రౌండు ఎక్కడికి పోతుందో మన హైదరాబాద్ ఫుట్‌బాల్ చరిత్ర చూస్తే తెలుస్తుంది. ఈ వ్యాసం అందుకే.

మాది 1984 పదో తరగతి బ్యాచి. అప్పటికి మండలాలు లేవు, జిల్లా ఆఫీసులన్నీ సంగారెడ్డిలో. బడికి ఉన్నది ఒకటే ఫుట్‌బాల్, దాని బ్లాడరు నెలకోసారి సైకిల్ షాపుకు పోయేది. వేపచెట్టు ఒక గోల్ పోస్టు, మా టిఫిన్ డబ్బాల కుప్ప రెండోది. మా పీటీ సారు పాతబస్తీ మనిషి. మీటరు గేజి ప్యాసింజరులో పొద్దున్నే దిగి, సాయంత్రం బండికి పోయేవారు. బండి లేటయితే మాకు పండగ, ఇంకో అరగంట ఆట. శనివారం మాత్రం ఒక చిత్రమైన నియమం పెట్టేవారు: ఎడమ కాలితోనే ఆడాలి. కుడికాలు తగిలితే ఫౌలు. ఇంకో రోజు, బంతిని రెండోసారి తాకకుండా పక్కవాడికి ఇవ్వాలనేవారు. మాకు అదంతా చాదస్తంలా ఉండేది. "ఇది నా తెలివి కాదురా, రహీం సాబ్ చెప్పిన ఆట. ఆయన కూడా నా లెక్కనే బడి పంతులు" అనేవారు.

ఆ రహీం సాబ్ ఎవరో నేను ఉద్యోగంలో చేరాక గాని పూర్తిగా తెలుసుకోలేదు. సయ్యద్ అబ్దుల్ రహీం ఉస్మానియాలో చదివి, కాచిగూడ మిడిల్ స్కూలులో, చాదర్‌ఘాట్ హైస్కూలులో పాఠాలు చెప్పిన ఉపాధ్యాయుడు. తర్వాత వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి ఆటల వైపు వచ్చారు. 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు కోచ్ అయ్యారు. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచింది. కలకత్తా క్లబ్బులు ఏలుతున్న కాలంలో దక్కను నుంచి వెళ్లిన పోలీసు జట్టు అట్లా గెలవడం ఆషామాషీ కాదు. ఆటగాళ్లకు ఎడమ కాలు ఆట, డ్రిబ్లింగ్ లేని ఆట అని వేరే పోటీలు పెట్టి మరీ నేర్పేవారట రహీం సాబ్. మా సారు శనివారం ఫౌళ్లు అక్కడి నుంచి వచ్చినవే.

ఆయన శిక్షణలోనే భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్ చేరి, నాలుగో స్థానంలో నిలిచింది. ఆ జట్టులో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, తులసీదాస్ బలరాం, అందరూ మన హైదరాబాద్, సికింద్రాబాద్ మైదానాల్లో ఆడి పెరిగినవాళ్లే. బలరాంది అమ్ముగూడ. మన బండెక్కి సికింద్రాబాద్ వైపు పోతే మేడ్చల్, బొల్లారం దాటాక తగిలే అమ్ముగూడ స్టేషనే. ఇన్నేళ్లుగా ఆ స్టేషను మీదుగా తిరిగిన మనలో ఎంతమందికి ఆ సంగతి తెలుసు? నాకు నలభై ఏళ్లు వచ్చేదాకా తెలియదు. బలరాం కలకత్తా వెళ్లి ఈస్ట్ బెంగాల్‌కు ఆడి, ఆ వైపే స్థిరపడి, 2023లో అక్కడే కన్నుమూశారు.

1962లో జకార్తా ఆసియా క్రీడల నాటికి రహీం సాబ్‌కు క్యాన్సరు. ఫైనల్లో దక్షిణ కొరియా. గ్యాలరీల్లో దాదాపు లక్ష మంది, అందరూ మన జట్టుకు వ్యతిరేకంగా అరిచేవాళ్లే. పి.కె. బెనర్జీ, జర్నైల్ సింగ్ చెరో గోల్ చేస్తే 2-1తో స్వర్ణం మనకు వచ్చింది. మరుసటి ఏడాది జూన్ 11న రహీం సాబ్ పోయారు. ఫుట్‌బాల్‌లో మనకు మళ్లీ ఆసియా స్వర్ణం రాలేదు.

రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని హైదరాబాద్ 1956-57లో, 1957-58లో గెలిచింది. 1965-66లో ఆంధ్రప్రదేశ్ పేరుతో ఇంకోసారి. ఇన్ని కప్పులు తెచ్చిన నగరం తన ఫుట్‌బాల్‌కు ఇచ్చిన నేల ఎంత? సోషల్ టీచరుగా నేను వేసుకున్న ప్రశ్న ఇదే.

ఉన్న పెద్ద మైదానం ఫతే మైదాన్. 1687లో గోల్కొండ ముట్టడి వేళ ఔరంగజేబు సైన్యం గుడారాలు వేసుకున్న చోటని, గెలుపు గుర్తుగా ఆ పేరు వచ్చిందని చెబుతారు. 1967లో అది లాల్ బహదూర్ స్టేడియం అయింది. నేను మొదటిసారి స్టేడియం చూసింది అక్కడే, తొమ్మిదో తరగతిలో. మా పీటీ సారు తొమ్మిది మందిని బండెక్కించి ఏదో లీగు మ్యాచికి తీసుకుపోయారు. స్కోరు గుర్తులేదు. ఇంత పచ్చటి నేల నీళ్లు పెట్టి ఆట కోసమే పెంచుతారా అని నోరు తెరుచుకుని చూడటం మాత్రం గుర్తుంది. మా ఊళ్లో అంత పచ్చన ఒక్క వరిమడికే ఉండేది.

కానీ ఆ స్టేడియం ఫుట్‌బాల్ సొంతం ఎన్నడూ కాలేదు. క్రికెట్ టెస్టులు, వన్డేలు అక్కడే. బహిరంగ సభలు అక్కడే. 2004లో రాజశేఖరరెడ్డి గారి ప్రమాణ స్వీకారం, 2023 డిసెంబర్ 7న రేవంత్ రెడ్డి గారి ప్రమాణ స్వీకారం అక్కడే. తప్పని నేననను, ఊరి నడిబొడ్డున అంత ఖాళీ జాగా ఇంకెక్కడుంది? అయితే క్రికెట్‌కు అక్కడ ఇరుకైనప్పుడు ఉప్పల్‌లో వేరే స్టేడియం వచ్చింది. 2005 నవంబర్ 16న దక్షిణాఫ్రికాతో తొలి వన్డే ఆడేశారు. ఫుట్‌బాల్‌కు అట్లాంటి ఉప్పల్ ఇప్పటికీ రాలేదు.

గచ్చిబౌలి ఉంది కదా అంటారు. ఉంది. 2002 జాతీయ క్రీడలకు, 2003 ఆఫ్రో-ఏషియన్ క్రీడలకు కట్టిన బాలయోగి స్టేడియం అది. 2003లో మన జట్టు అక్కడ జింబాబ్వేను 5-3తో కొట్టి, ఫైనల్లో ఉజ్బెకిస్తాన్ చేతిలో 1-0తో ఓడింది. కానీ అది అథ్లెటిక్స్ స్టేడియం. చుట్టూ పరుగు ట్రాకు, దాని అవతల గ్యాలరీ. గోల్ పడితే చూసేవాడికి, కొట్టినవాడికి మధ్య ఒక చెరువు ఉన్నంత దూరం. అజీజ్‌నగర్‌లో శ్రీనిధి వాళ్ల డెక్కన్ అరీనా ఫుట్‌బాల్‌కే కట్టింది, అయితే చిన్నది.

2019 ఆగస్టులో హైదరాబాద్ ఎఫ్‌సీ పుట్టినప్పుడు మా ఇంట్లో పిల్లలు పసుపు జెర్సీలు కొనుక్కున్నారు. 'డెక్కన్ లీజియన్' అని అభిమానుల సంఘం ఒకటి తయారై, డప్పులతో గచ్చిబౌలి గ్యాలరీల్లో కూర్చునేది. ఒక సీజను చూశారో లేదో కరోనా. తర్వాత రెండు సీజన్లు లీగంతా గోవాలోనే. 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్దాలో కేరళ బ్లాస్టర్స్ మీద 1-1, ఆపైన పెనాల్టీల్లో 3-1. గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు ఆపాడు. హైదరాబాద్ ఇండియన్ సూపర్ లీగ్ చాంపియన్ అయింది. ఆ ఏడు తమ జట్టు ఇంటి మీద ఆడిన ఒక్క ఆటా చూడని ఊరు కప్పు గెలిచింది. మా చిన్నోడు టీవీ ముందు ఏడ్చాడు, సంతోషంతోనే.

ఆ తర్వాత డబ్బు ఇబ్బందులు, యాజమాన్యం చేతులు మారడం. 2025లో ఆ జట్టు ఢిల్లీకి తరలిపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. మూటాముల్లె సర్దుకుని పోవడానికి ఏం అడ్డం వచ్చింది? ఏమీ లేదు. గచ్చిబౌలిలో అది అద్దెకున్న జట్టు. తనదనే గోడ లేదు, తన పేరున పచ్చిక లేదు. ఇల్లు కట్టుకున్నవాడు ఊరు విడవాలంటే పదిసార్లు ఆలోచిస్తాడు, కిరాయికున్నవాడు లారీ మాట్లాడుకుంటే చాలు. సొంత స్టేడియం ఉన్నంత మాత్రాన ఏ జట్టూ పోదని కాదు. పోవడం కష్టమవుతుంది, అంతే. ఆ కష్టమే అభిమానికి రక్ష.

మొన్న 2025 డిసెంబర్ 13న లియోనెల్ మెస్సీ హైదరాబాద్ వచ్చాడు. ఆ పెద్దమనిషిని ఎక్కడ నిలబెట్టారు? ఉప్పల్ క్రికెట్ స్టేడియంలో. రహీం సాబ్ ఊరికి ప్రపంచ చాంపియన్ వస్తే ఫుట్‌బాల్ ఇంట్లో కూర్చోబెట్టే వీలు లేకపోయింది. జనం ఆనందించారు, నేనూ టీవీలో చూసి ఆనందించాను. కానీ మనసులో ఒక ముల్లు గుచ్చుకుంది.

మైదానాలకు ఇంకో గండం ఉంది, దాన్ని రాయడానికి కలం కొంచెం వెనకాడుతుంది. కరోనా వేళ గచ్చిబౌలి క్రీడా ప్రాంగణంలోని పెద్ద భవనం ఆసుపత్రి అయింది. 2025 జనవరి 31న గోషామహల్ పోలీస్ స్టేడియంలో కొత్త ఉస్మానియా ఆసుపత్రికి శంకుస్థాపన జరిగింది. చుట్టుపక్కల వాళ్లు గ్రౌండు పోతుందని ఆందోళన చేశారు. ఆసుపత్రి వద్దని ఎవరంటారు? నేను కూడా అనలేను. ప్రతిసారీ మైదానానికి ఎదురుగా నిలబడేది ఇట్లాంటి కాదనలేని మంచి పనే. ఆసుపత్రి, ఆఫీసు, సబ్‌స్టేషను, ఫంక్షన్ హాలు. ఖాళీగా కనబడటమే మైదానం చేసుకున్న పాపం.

పోయిన నేల కోసం పోరాడినవాళ్లు కూడా ఉన్నారు. మెస్సీ దేశమైన అర్జెంటీనాలో, బ్యూనస్ ఎయిరెస్ నగరంలో సాన్ లొరెంజో అని ఒక క్లబ్బు. 1908లో ఒక పాదిరి నీడలో మొదలైంది. మొన్న పోయిన పోప్ ఫ్రాన్సిస్ చిన్నప్పటి నుంచి ఆ జట్టు అభిమాని. బొయెదో అనే పేటలో వాళ్ల స్టేడియం. 1979 డిసెంబర్‌లో, సైనిక పాలనలో, అక్కడ చివరి మ్యాచి ఆడి ఖాళీ చేయాల్సి వచ్చింది. ఆ జాగాలో తర్వాత కారెఫోర్ సూపర్ మార్కెట్ లేచింది. వాళ్ల నాయనలు గోల్స్ చూసిన చోట పిల్లలు ఉల్లిగడ్డలు కొనుక్కున్నారు. జట్టు కొన్నేళ్లు అద్దె మైదానాల్లో తిరిగి, 1993లో వేరే పేటలో కొత్త స్టేడియం కట్టుకుంది. అయినా అభిమానులు ఊరుకోలేదు. 2012 మార్చి 8న దాదాపు లక్ష మంది నగరం నడిబొడ్డున కూడలిలో చేరారు. ఆ ఏడాది నవంబర్‌లో నగర శాసనసభ ఆ నేల తిరిగి క్లబ్బుకు అమ్మాలని చట్టం చేసింది. ఊరికే కాదు, కొనుక్కోవాలి. అప్పుడు అభిమానులు ఒక్కొక్కరు ఒక్కొక్క చదరపు మీటరు లెక్కన డబ్బు కట్టారు. 2019లో నేల చేతికి వచ్చింది. స్టేడియం కట్టుకోవడానికి మళ్లీ అనుమతుల నిరీక్షణ మొదలైంది.

ఇంగ్లండులో ఎవర్టన్ వాళ్లది ఇంకో తీరు. 1892 నుంచి గూడిసన్ పార్కులో ఆడారు. కొత్త స్టేడియానికి లివర్‌పూల్‌లో కింగ్స్ డాక్ అనుకుంటే 2003లో అది డబ్బు దగ్గర ఆగిపోయింది. కిర్క్‌బీ అనే ఊళ్లో అనుకుంటే 2009లో ప్రభుత్వం కాదంది. మూడోసారి రేవు ఒడ్డున బ్రామ్లీ-మూర్ డాక్‌కు 2021 ఫిబ్రవరిలో నగర కౌన్సిల్ ఒప్పుకుంది. 2025 ఆగస్టులో సుమారు 53 వేల మంది పట్టే స్టేడియంలో లీగు ఆట మొదలైంది. రెండు దశాబ్దాల నిరీక్షణ. ఒక తరం అభిమానులు ఆ గేటు చూడకుండానే పోయి ఉంటారు.

అంత దూరం పోయి వచ్చాను గానీ, నిరీక్షణ అంటే మనకు వేరేవాళ్లు నేర్పాలా? మన స్టేషను నుంచి కొత్తపల్లి దాకా 151 కిలోమీటర్ల రైలు మార్గానికి 2016 ఆగస్టు 7న గజ్వేల్ దగ్గర ప్రధాని శంకుస్థాపన చేశారు. సిద్దిపేటకు బండి నడిచింది 2023 అక్టోబర్ 3న. ఏడేళ్లు పట్టింది. అయినా ఆగలేదు. ఎందుకు? భూమి కొలిచారు, సేకరించారు, రాళ్లు పాతారు. కాగితం మీద గీత పడితే ఆలస్యమైనా పని నడుస్తుంది.

మన గ్రౌండుకు అదే లేదు. బడి పెట్టినప్పుడు పెద్దలు చూపించింది రెండెకరాల ముప్పై ఐదు గుంటలు. ఫుట్‌బాల్ మైదానం నిండు కొలత 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు. మన లెక్కలో సుమారు ఎకరా ముప్పై గుంటలు. చుట్టూ నిలబడే జాగా కలిపితే రెండెకరాలు చాలు. అంటే పెద్దలు మనకు ఇచ్చింది సరిగ్గా ఒక స్టేడియానికి సరిపోయే నేల. తెలిసి ఇచ్చారో తెలియక ఇచ్చారో గాని, ఇచ్చారు. 2022లో ఊరూరా క్రీడా ప్రాంగణాలు వచ్చినప్పుడు వాలీబాల్, కబడ్డీ, ఖోఖో కోర్టులు పడ్డాయి. మంచిదే. ఫుట్‌బాల్ మాత్రం అందులో పట్టదు.

ఇప్పుడు గ్రౌండులో ఎంత మిగిలింది? పోయిన నెల నేను, ఇద్దరు పూర్వ విద్యార్థులు టేపు పట్టుకుని కొలిచాం. ఉజ్జాయింపుగా రెండెకరాల ఐదు గుంటలు వచ్చింది. ముప్పై గుంటలు ఎక్కడికి పోయాయి? ఎవరో దొంగిలించారని నేననను. తూర్పున బాట వెడల్పయింది. దక్షిణాన ఒక షెడ్డు లేచింది. వేపచెట్టు, అంటే మా గోల్ పోస్టు, ఇప్పుడు ఇంకొకరి గోడ లోపల ఉంది. ముప్పిరెడ్డిపల్లి, కాళ్లకల్ వైపు ఫ్యాక్టరీలు వచ్చాక గజం ధర మనందరికీ తెలిసిందే. గుంట ఖాళీగా కనిపిస్తే కళ్లు అక్కడే ఆగుతాయి.

కాగితాల కథ కూడా చెప్పాలి. మొదటి దరఖాస్తు పెట్టినప్పుడు ఒక ఆఫీసులో, "బాగుంది, పైకి పంపిస్తాం" అన్నారు. 2016లో జిల్లాలు మారాయి, మనోహరాబాద్ కొత్త మండలమైంది, జిల్లా కేంద్రం మెదక్ అయింది. ఫైలు అడిగితే పాత చోట "అక్కడికి పంపినం" అన్నారు, కొత్త చోట "మాకు రాలే" అన్నారు. ఇంకో దరఖాస్తు పెట్టాం. ఈసారి ఒక కుర్ర ఉద్యోగి, పేరు రాయను, ఆయనే బతికించాడు మమ్మల్ని. "సార్, మీరు స్టేడియం అడుగుతున్నరు. గ్రౌండు అసలు బడి పేరు మీద ఉన్నదా? ముందు అది చూపియ్యుండ్రి" అన్నాడు. ఇన్నేళ్లూ మేం అడగని ప్రశ్న అది. పాత పహాణీ నకలు తీయిస్తే సర్వే నంబరు ఎదురుగా 'సర్కారీ' అని ఉంది, బడి అని లేదు. ఆట ఆడింది మనం, చెమట కార్చింది మనం, ఆగస్టు పదిహేను జెండా ఎగరేసింది మనం. కాగితంలో మాత్రం మన ఊసే లేదు.

అందుకే "గ్రౌండు ఏడికి పోతది" అన్న మిత్రుడికి, ప్రేమతోనే చెబుతున్నాను. పోతదిరా. జట్టు పోయినట్లే పోతది, మూట కట్టుకుని కాదు, గుంట గుంటగా. హాలు కట్టుకుందాం, వద్దనను. కానీ ముందు సర్వే ఫీజు కడదాం, హద్దులు పెట్టిద్దాం, బడి పేరున రాయిద్దాం. ఆ తర్వాత గ్యాలరీకి అనుమతి ఎన్నేళ్లకు వచ్చినా ఎదురుచూడవచ్చు. మా పీటీ సారు ఇప్పుడు లేరు. ఉంటే ఎడమ కాలితో తన్నేవారేమో నన్ను, ఇంత ఆలస్యంగా మేలుకున్నందుకు.

సర్వేకు దరఖాస్తు ఇచ్చాం. వేసవి సెలవుల్లో కొలతకు వస్తామన్నారు, తేదీ తెలియగానే సంఘం గ్రూపులో పెడతాం. పాత హద్దురాళ్లు నాలుగింటిలో రెండే దొరికాయి. 1985కు ముందు చదివినవాళ్లలో పడమటి మూల రాయి ఎక్కడుండేదో గుర్తున్నవాళ్లు ఆ రోజు తప్పక రావాలి. గ్రౌండులో దిగిన పాత గ్రూపు ఫొటోలు ఎవరి ఇంట్లో ఉన్నా తీసుకురండి, వెనకాల వేపచెట్టు కనిపించేవి అయితే ఇంకా మంచిది. టేపు రెండో కొస పట్టుకోవడానికి ఇద్దరు కుర్రాళ్లు కూడా కావాలి.